భూమి బేరం కుదిర్చే వారికి నాలుగు మాటలు

పెళ్ళి సంబంధం కుదిర్చిన పెద్దమనిషిని ఎవరూ మరచిపోరు. కాపురం చక్కగా సాగితే ఆ ఇంట్లో ప్రతి శుభకార్యానికీ ఆయనకే మొదటి పిలుపు. సాగకపోతే వీధిలో ఎదురుపడినా ముఖం తిప్పుకుంటారు. పొలమో, ఇంటిస్థలమో బేరం కుదిర్చిన వాడి సంగతీ ఇంతే. డబ్బు చేతులు మారిన నాడు అందరూ నవ్వుతూనే ఉంటారు. ఆ నవ్వు నిలిచేదీ లేనిదీ తేలడానికి పదేళ్ళు పడుతుంది. కొనుక్కున్నవాడు ఇల్లు కట్టబోయినప్పుడో, కూతురి పెళ్ళికని ఆ స్థలం తాకట్టు పెట్టబోయినప్పుడో అసలు సంగతి బయటపడుతుంది.

ఈ పని చేసేవారిని వెనుకటి తెలుగులో తరగరి అనేవారు. తమిళంలో తరగర్ అంటారు. మన పెద్దలు బ్రోకరన్నారు. ఇప్పటి బోర్డుల మీద రియల్ ఎస్టేట్ ఏజెంటు అని ఉంటున్నది. పేరు మారినా పని మారలేదు. ఒకరినొకరు ఎరుగని ఇద్దరి మధ్య నమ్మకం నిలబెట్టడమే ఆ పని. మన కుటుంబాలలో ఈ వృత్తి పట్టిన పిల్లలు కొందరున్నారు. లేని ఇళ్ళవారికి కూడా ఏదో ఒకనాడు తరగరితో అవసరం పడక మానదు. అందుచేత ఈ నాలుగు మాటలు ఉభయులకూ పనికివస్తాయని ఆశ.

పొన్నై ప్రాంతంలో తరగరి పని మరికాస్త బరువైనది. చిత్తూరు వైపు నీవా అనిపించుకున్న ఏరు హద్దు దాటి వచ్చి ఇక్కడ పొన్నై అవుతుంది, పోయి పాలారులో కలుస్తుంది. మన కుటుంబాలూ ఆ ఏటివంటివే. పొలం పొన్నైలో ఉంటుంది, ఆడపడుచు చిత్తూరులో ఉంటుంది, పెద్దకొడుకు రాయవేలూరులో, చిన్నవాడు బెంగుళూరులో ఉంటారు, మనుమడు అమెరికా చేరి ఉంటాడు. తాతనాటి దస్తావేజు తెలుగులో ఉంటే, పట్టా తమిళంలో ఉంటుంది. కొనవచ్చినవాడు ఒప్పందం ఇంగ్లీషులో రాయమంటాడు. ఈ మూడు భాషలూ చదవగల మనిషి ఎవరైనా ఉన్నాడంటే అతడు సాధారణంగా తరగరే. తక్కినవారికి కనబడనిది అతనికి కనబడుతుంది. కనబడినదాన్ని చెబుతాడా, దాస్తాడా అన్నదే అసలు ప్రశ్న.

పైగా రోజులు త్వరపడుతున్నాయి. బెంగుళూరు నుంచి చెన్నైకి చిత్తూరు, రాణిపేట జిల్లాల మీదుగా వేసే ఎక్స్‌ప్రెస్ రహదారికి 2022 మే నెలలో శంకుస్థాపన జరిగింది. అటు వేలూరులో పెద్దాసుపత్రి, విశ్వవిద్యాలయం ఉండనే ఉన్నాయి. రోడ్డు వస్తుందన్న మాట చెవిని పడితే చాలు, వేరుసెనగ వేసిన చేలో మరునాటికి తెల్లరాళ్ళు లేస్తాయి. ఇటువంటి సమయంలోనే తరగరి నిదానం ఊరికి అవసరం. బేరం కుదర్చడం అతని పనిలో సగమే. కుదరకూడని బేరాన్ని ఆపడం తక్కిన సగం.

కాగితం ముందు, బేరం తరువాత

స్థలం చూపించడానికి ముందే కాగితాలు చూడటం తరగరికి మొదటి నియమం కావాలి. తమిళనాట పట్టా, చిట్టా, అడంగల్, ఎ రిజిస్టరు, సర్వే పటం, విల్లంగ సర్టిఫికెట్టు అనే ఆరింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. వీటిలో ఒకటి చెప్పినది మరొకటి కాదంటే బేరం అక్కడే ఆగాలి. విల్లంగ సర్టిఫికెట్టునే ఆంధ్రలో ఈసీ అంటారు. ఆన్‌లైనులో దొరికేది సాధారణంగా 1975 నుంచి మాత్రమే. అంతకు వెనుకటిది కావాలంటే రిజిస్ట్రారు కార్యాలయంలో పాత పుస్తకాలు వెదికించవలసిందే. పదమూడేళ్ళకు విల్లంగం తీసి చాలునన్న తరగరి తన శ్రమ తగ్గించుకున్నాడేగాని కొన్నవాడి భయం తగ్గించలేదు.

మన ప్రాంతంలో మరో చిక్కున్నది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిదే. 1989లో ఆ ఉత్తర ఆర్కాటు రెండైంది. తరువాత వేలూరు జిల్లా అన్న పేరు వచ్చింది. 2019లో అందులోనుంచి రాణిపేట, తిరుపత్తూరు జిల్లాలు విడిపోయాయి. కనుక ఒకే చేనుకు తాత దస్తావేజులో ఒక జిల్లా, తండ్రి దస్తావేజులో ఒక జిల్లా, కొడుకు పట్టాలో ఇంకొక జిల్లా ఉండవచ్చు. తాలూకాలు మారాయి. 1979 నుంచి 1987 దాకా రాష్ట్రమంతటా పట్టాల రికార్డులు సవరించినప్పుడు సర్వే నంబర్లకు కొత్త ఉపవిభాగాలు వచ్చాయి. పాత నంబరుకు కొత్త నంబరేదో రాసిపెట్టిన చీటీ లేకుండా హద్దురాళ్ళు చూపించే తరగరి, చీకట్లో దారి చూపించేవాడితో సమానం.

పేర్ల సంగతి మరీ విచిత్రం. మన దస్తావేజుల్లో ఇంటిపేరు ముందు ఉంటుంది. తమిళ రికార్డులో ఇంటిపేరుకు చోటు లేదు, తండ్రి పేరే ఉంటుంది. ఆపైన మనవాళ్ళు తాత పేరు మనుమడికి పెడతారాయె! ఇంటిపేరు లేకుండా రాసిన ఒక పేరు చూస్తే అది తాతదో, మనుమడిదో తెలియదు. చనిపోయిన తాత పేరిటి పట్టా చూపించి అదే పేరుగల మనుమడు ఒక్కడే అమ్మబోతే, రికార్డు మీద తప్పు కనబడకపోవచ్చు. ఆ ఇంటిని ఎరిగిన తరగరికి మాత్రం కనబడుతుంది. స్థానికుడన్న మాటకు విలువ వచ్చేది ఇటువంటి చోటనే.

ఆడపడుచుల సంతకం

అన్నిటికన్న ఎక్కువ కుటుంబాలను చీల్చే తప్పు ఒకటున్నది. అమ్మేవాడికి అక్కచెల్లెళ్ళు ఉన్నారా అని అడగకపోవడమే ఆ తప్పు. అడిగితే మాట ఇలా నడుస్తుంది.

“అన్నా, మీకు అక్కచెల్లెళ్ళు ఎంతమంది?”

“ఇద్దరు. ఎప్పుడో పెళ్ళిళ్ళు చేసి పంపించేసినాం కదప్పా. వాళ్ళకెందుకు ఈ గొడవ?”

“గొడవ వాళ్ళకు కాదన్నా, రేపు కొనేవాడికి. మీరొక మాట చెప్పండి. మీకు మొగమాటమైతే నేనే చిత్తూరు పోయి అక్కను కనుక్కుని వస్తాను.”

ఈ చివరి మాట అనగలిగినవాడే తరగరి. పిత్రార్జితంలో ఆడపిల్లలకు సమానభాగం ఇస్తూ ఆంధ్రలో 1986లో చట్టం సవరించారు. తమిళనాట 1989 మార్చి 25 నాటికి పెళ్ళికాని ఆడపిల్లలకు ఆ హక్కు వచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా, పెళ్ళైనవారికి కూడా వచ్చింది. ఆ తేదీనాటికి తండ్రి బ్రతికి ఉండనక్కరలేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే సక్రమంగా జరిగిన భాగపరిష్కారాలకు మాత్రం దీనివల్ల భంగం లేదు. ఇక తండ్రి స్వార్జితం వీలునామా లేకుండా మిగిలిపోతే, 1956 చట్టం నాటినుంచే అందులో భార్యకూ, తల్లి ఉంటే తల్లికీ, కొడుకులకూ, కూతుళ్ళకూ సమాన భాగాలే.

సారె పెట్టి పంపించాం కనుక చెల్లిపోయిందనుకునే అన్నలు ఇంకా ఉన్నారు. వారికి న్యాయం బోధించడానికి ప్లీడరు ఉన్నాడు. కాని ప్లీడరు దగ్గరకు పోయేది తగవు పుట్టిన తరువాత. తరగరి వచ్చేది తగవు పుట్టకముందు. అతడు అడిగే ఒక్క ప్రశ్నతో అక్క పుట్టింటి గడప తొక్కే దారి మిగులుతుంది. ఆమె భాగం ఇచ్చినా, ఆమె ఇష్టపడి విడుదల పత్రం రాసి ఇచ్చినా, ఆమెను అడిగారన్న గౌరవం ఉంటుంది. అడగకుండా అమ్మి, తరువాత కోర్టు కాగితంతో అన్నాచెల్లెళ్ళు ఎదురుపడటంకన్న ఆ బేరం ఆరునెలలు ఆలస్యం కావడం మేలు గదా!

చట్టం ఏమంటున్నది

2016లో పార్లమెంటు చేసిన స్థిరాస్తి నియంత్రణ చట్టాన్ని అందరూ రెరా అంటున్నారు. అది తరగరిని కూడా మొదటిసారిగా దేశమంతటా చట్టం కిందకు తెచ్చింది. తమిళనాడు రెరా సంస్థ 2017 జూన్‌లో ఏర్పడింది. 500 చదరపు మీటర్లు మించిన లేఔటులో స్థలాలు అమ్మాలంటే ఆ లేఔటు రెరాలో నమోదు కావాలి. అటువంటి స్థలాలు అమ్మించే ఏజెంటు కూడా నమోదు కావాలి. ఒక రాష్ట్రపు నమోదు ఆ రాష్ట్రానికే. చిత్తూరులో నమోదైనవాడు అదే కాగితంతో పొన్నైలో లేఔటు స్థలాలు అమ్మించరాదు, పొన్నైవాడు అక్కడా అమ్మించరాదు. నమోదు లేకుండా పనిచేస్తే రోజుకు 10,000 రూపాయల వంతున, మొత్తం ఆ ఆస్తి విలువలో 5 శాతం దాకా జరిమానా పడవచ్చు. ఏజెంటు లెక్కల పుస్తకాలు ఉంచాలి, లేని సదుపాయాలు ఉన్నాయని చెప్పరాదు, కొనేవాడికి చూపవలసిన కాగితాలన్నీ చూపాలి అని కూడా ఆ చట్టం చెబుతున్నది. నిజానికి ఇవి మంచి తరగరులు చట్టం రాకముందే పాటించిన పద్ధతులే.

ఆమోదం లేని లేఔట్లలో ముక్కల రిజిస్ట్రేషన్‌కు తమిళనాట 2016లో అడ్డుకట్ట పడింది. 2016 అక్టోబరు 20 నాటికి ఏర్పడి ఉన్నవాటిని క్రమబద్ధం చేసుకోవడానికి 2017లో నియమాలు వచ్చాయి. “అందరూ కొంటున్నారు, మనమూ కొందాం” అనేవారికి ఈ తేదీ చెప్పి, డీటీసీపీ ఆమోదపు నంబరు చూపించమనడం తరగరి ధర్మం. దేవాలయ భూములూ, వక్ఫు భూములూ అమ్మకానికి వచ్చేవి కావు. 1892 నాటి ఉత్తర్వు ప్రకారం దళితులకు ఇచ్చిన పంచమి భూములను ఇతరులు కొనరాదు. అటువంటి భూమి కుదిర్చిన తరగరి కొనేవాడి సొమ్ముతోబాటు ఒక పేదవాడి బ్రతుకు కూడా అమ్మించినవాడవుతాడు.

పవరు పత్రం మీద అమ్మకాలు ఇంకొక ఉచ్చు. పవరు పత్రమూ, అమ్మకపు ఒప్పందమూ చేతికిచ్చి చేసిన లావాదేవీతో హక్కు దఖలు పడదనీ, రిజిస్టరు చేసిన క్రయదస్తావేజు ఉండవలసిందేననీ సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. విదేశంలో ఉన్న కొడుకు ఊళ్ళోని తండ్రికి పవరు ఇచ్చి, ఆయన చేత దస్తావేజు రాయించడం వేరు. పవరు పత్రాన్నే దస్తావేజుగా చెలామణి చేయడం వేరు. ఈ రెంటికీ భేదం చెప్పగలిగిన తరగరి ఎందరి కష్టార్జితాన్నో కాపాడుతాడు.

డబ్బు సంగతి కూడా దాపరికం లేకుండా చెప్పుకోవాలి. అమ్మేవాడికి ఒక ధర, కొనేవాడికి మరో ధర చెప్పి నడిమి సొమ్ము మింగడం తరగు కాదు, మోసం. తరగు నూటికి ఒకటా, రెండా, ఎవరెంత ఇస్తారు అన్నది మొదటి రోజే ఇద్దరి ఎదుటా చెప్పాలి. బయానా తరగరి చేతిలోకి రాకూడదు, కొనేవాడి ఖాతా నుంచి అమ్మేవాడి ఖాతాకే పోవాలి. 20,000 రూపాయలు గాని, అంతకు మించి గాని భూమి బయానాను నగదుగా పుచ్చుకోవడాన్ని ఆదాయపన్ను చట్టం 2015 నుంచి నిషేధించింది. స్టాంపు ఖర్చు తగ్గుతుందని దస్తావేజులో ధర తక్కువ రాయించే సలహా కూడా ఇవ్వరాదు. 2023 ఏప్రిల్ నుంచి తమిళనాట క్రయానికి 7 శాతం స్టాంపు, 2 శాతం రిజిస్ట్రేషన్ రుసుము. అది మిగిల్చుకోబోయినవాడికి రేపు తగవు వస్తే, కోర్టులో అతని చేతనున్న రుజువు కాగితం మీది చిన్న అంకె మాత్రమే.

నీళ్ళదారి అమ్మరాదు

చట్టం పట్టుకోలేని తప్పులు కూడా ఉన్నాయి. ఏటిగట్టున, చెరువు వెనుక, కాలువ పోరంబోకుకు ఆనుకుని ఉన్న నేల ఎండాకాలంలో చూస్తే బంగారంలా ఉంటుంది. 2021 నవంబరులో పొన్నై ఏటికి వచ్చిన వరద ఇక్కడివారెవరూ మరచిపోలేదు. ఆ డిసెంబరులో తిరువలం దగ్గర ఈ ఏటి మీది రైలు వంతెనకు దెబ్బ తగిలినట్టు బయటపడి, చాలా రైళ్ళు రద్దు చేయవలసి వచ్చింది. రైలు వంతెననే కదిలించిన నీళ్ళకు మన ప్రహరీగోడ ఒక లెక్కా?

బెంగుళూరు నుంచి కారులో వచ్చి ఒక పూట చూసి పోయేవాడికి నీళ్ళెక్కడిదాకా వచ్చాయో తెలియదు. తరగరికి తెలుసు. “అయ్యా, 2021లో ఇక్కడ ఇంతెత్తున నీళ్ళు నిలిచాయి” అని చెయ్యెత్తి చూపించాడనుకోండి. ఆ బేరం పోవచ్చు. కాని ఆ కొనవచ్చినవాడు తన నలుగురు స్నేహితులతో “పొన్నైలో ఒక మనిషి ఉన్నాడు, ఉన్నదున్నట్టు చెబుతాడు” అంటాడు. ఏ బోర్డు మీదా రాయించుకోలేని మాట అది. పొన్నై ఆనకట్ట కింద చెరువులు నింపే కాలువల్లో ఒకటి పూడ్చి దారి వేస్తే, నష్టపోయేది కొన్నవాడొక్కడే కాదు, దిగువనున్న ఆయకట్టంతా. లేఔటు పటంలో కాలువ గీత కనబడకపోతే అడగవలసిన మొదటివాడు తరగరే.

ఊరితో చుట్టరికం

ఏజెంట్లు ఊరి పనుల్లో పాలుపంచుకోవాలని ఇప్పుడు అందరూ అంటున్నారు. మంచిదే. ఉగాదికి పందిరి వేయించినా, బడిపిల్లలకు పుస్తకాలు పంచినా సంతోషమే. అయితే చందా ఇచ్చినవాడి పేరు కరపత్రం మీద ఒక పండుగ దాకా ఉంటుంది. చెడ్డ బేరం కుదిర్చినవాడి పేరు రెండు తరాలు ఉంటుంది. ఊరికి చేసే సేవ తన వృత్తిలోనుంచే మొదలు కావాలి.

పెద్ద దేశాల వారికీ ఈ విషయంలో కాలు జారింది. అమెరికాలో ఏజెంట్లు 1908లో చికాగోలో జాతీయ సంఘం పెట్టుకున్నారు, 1913లో నీతి నియమావళి రాసుకున్నారు. కాని 1924లో అదే నియమావళిలో, ఒక పేటలోని ఇళ్ళ విలువ తగ్గించగల జాతివారిని ఆ పేటలోకి తీసుకురారాదన్న నిబంధన చేర్చారు. నీతి పేరుతోనే అవినీతి! 1968లో చట్టం అటువంటి వివక్షను నిషేధించింది. 2020 నవంబరులో ఆ సంఘపు అధ్యక్షుడు వెనుకటి తప్పులకు బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. వారిని చూసి మనం నవ్వనక్కరలేదు. ముందు కులం అడిగి తరువాత ఇల్లు చూపించే అలవాటు మన వీధుల్లోనూ ఉన్నది. పరాయి భాషావారి నడుమ తరాలుగా కాపురం చేస్తూ, వారి మంచితనం అనుభవిస్తున్నవారం మనం. గుమ్మం మూసే పనికి మన తరగరి చేయి వేయకూడదు. “మనవాడు” అన్న మాట నమ్మకానికి మొదలు కావాలేగాని, కాగితం చూడకపోవడానికి సాకు కారాదు, ఇంకొకరిని తోసివేయడానికి కర్ర కారాదు.

మంచి మనసు ఉంటే చాలునా అంటే, అదీ చాలదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే భూమి అడిగితే వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడే పుట్టింది. తరగు ముట్టని అంత గొప్ప మధ్యవర్తి మరొకరు లేరు. అయినా దేశమంతటా దానంగా వచ్చిన భూమిలో చాలాభాగం పేదల చేతికి చేరనే లేదు. హద్దులూ, కాగితాలూ, స్వాధీనాలూ సరిగా లేకపోవడం అందుకు ఒక కారణం. మహాత్ముల మాటకే కాగితపు అండ కావలసివచ్చింది. ఇక మన మాట ఎంత!

చివరగా మన సంఘానికొక మనవి. నెలకొక ఆదివారం సాయంకాలం సంఘం తరఫున దస్తావేజులు చదివే పూట ఒకటి పెట్టుకుందాం. పెట్టె అడుగున పడివున్న తాతనాటి తెలుగు కాగితాలు ఎవరికివారు తెచ్చుకుంటారు. పాత వ్రాత చదవగల పెద్దలు చదివి వినిపిస్తారు. తరగరి వృత్తిలో ఉన్న మన పిల్లలు ఆ నంబర్లను ఇప్పటి తమిళ రికార్డుతో సరిపోల్చి చీటీ రాసి ఇస్తారు. చిక్కున్నచోట మనలోని ప్లీడరు ఒక మాట చెబుతారు. ఆ పూట తరగు లేదు, బేరం లేదు. వచ్చినవారి కాగితాల వివరం బయట చెప్పరాదు, ఆ వివరంతో తరువాత బేరానికి పోరాదు అన్న కట్టుబాటు ఒకటి ఉంటే చాలు.

దీనికి తొందర కూడా ఉన్నది. తమిళనాట 2006లో వచ్చిన చట్టంతో బడుల్లో తమిళం అందరికీ తప్పనిసరి అయింది. మన పిల్లలు తమిళం చక్కగా చదువుకుంటున్నారు, చదువుకోవలసిందే. కాని తెలుగు అక్షరం చదవగలిగినవారు ఇంటికొకరైనా మిగలకపోతే, తాత రాయించిన దస్తావేజు మనుమడి చేతిలో ఉత్త పాతకాగితమే. అందులో ముత్తవ్వకు పసుపుకుంకుమ కింద ఇచ్చిన ముప్పయి సెంట్లు ఉండవచ్చు. పొరుగువారి చేలోకి విడిచిన బండిదారి ఉండవచ్చు. చదివేవారు లేకపోతే అవి లేనట్టే.

అక్షరం నేర్పడానికి ఇంతకన్న మంచి వాచకం ఏముంటుంది? తూర్పున ఫలానావారి చేను, పడమట కాలువ, ఉత్తరాన బాట, దక్షిణాన మన తోట అని పిల్లవాడు తన తాత కాగితం కూడబలుక్కుంటూ చదువుతుంటే, పక్కన కూర్చుని ఆ హద్దులు అతనికి విడమరచి చెప్పేవాడు ఊరి తరగరి అయితే, ఆ మనిషిని ఆ ఇంటివారు ప్రతి శుభకార్యానికీ ముందుగా పిలుస్తారు. అతనికి రావలసిన అసలు తరగు అదే.